గీతకు మొలిచిన ముక్కు

ఆ ఇంటి యజమానికి ఒక జబ్బు ఉంది. దానికి మందు లేదు, పథ్యం లేదు. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే "నాకేం?" అంటాడు. తాను అన్నదే నిజం, అదీ జబ్బు. గోడ గడియారం పది నిమిషాలు ముందు నడుస్తోందని భార్య అంటే, "గడియారం కరెక్టే, ఊరే ఆలస్యంగా నడుస్తోంది" అన్నాడు. కూరలో ఉప్పు బదులు పంచదార వేసిన రోజున, రెండు డబ్బాలకీ ఒకే రంగు మూతలు కొన్నవాళ్లది తప్పని తేల్చాడు. "పొరపాటయింది" అన్న మాట ఆయన నోట విన్నవాళ్లు ఇంతవరకూ లేరు. తప్పు మరీ పెద్దదైతే మాత్రం, మర్నాడు ఎవరూ అడక్కుండానే వంటింట్లో కూర్చుని ఉల్లిపాయలు తరుగుతాడు. ఎంత సన్నగా తరిగితే తప్పు అంత పెద్దదని ఇంట్లోవాళ్ల లెక్క.

ఈయనగారికి ఒక్కతే కూతురు. "నా పోలిక ఒక్కటీ రాలేదు, అన్నీ వాళ్ల నాన్నే" అని తల్లి కనిపించిన వాళ్లందరికీ చెప్పుకునేది. వినేవాళ్లు ముక్కు సంగతి అనుకునేవారు.

కూతురు ఒక మందుల కంపెనీలో పనిచేస్తుంది. ఫోన్లో వచ్చిన ఆర్డరుని, అడ్రసుని బట్టి ఇంటి పోస్టల్ కోడ్ చూసి, ఏ బ్రాంచి వాళ్లు ఇవ్వాలో చెప్పే పని. సెలవొస్తే మాత్రం ఊళ్ల మాపులు గీసే పిచ్చి. ఎవరైనా గీయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, అలాంటి మాపు ఒకటి ఇంటర్నెట్‌లో ఉంది. ఆ ఊళ్లో దాన్ని గీసే గుంపు ఒక సైకిల్ షాపు మేడమీద గదిలో కలుస్తుంది. అక్కడ ఆమెది దిద్దే పని. వీధి వంకరపోయినా, ఇల్లు రోడ్డెక్కినా ఆమె కంటపడితే ఇక అంతే. గుంపులో అందరూ ఆమెని ఎర్రపెన్ను అంటారు.

కొత్తగా ఒకతను చేరాడు. మొదటిరోజే ఆమె నిలదీసింది.

"పార్కుని తీసుకెళ్లి చెరువులో పడేసింది మీరేనా?"

"పడేయలేదండీ. వర్షంలో వెళ్లాను. నిజంగా చెరువులోనే ఉంది."

గది గొల్లున నవ్వింది. ఆమె నవ్వలేదు. అతను ఆమె మొహంకేసి అదోలా చూశాడు.

"ఏంటలా చూస్తున్నారు?"

"మీ కళ్లజోడు ఎడంపక్కకి ఒరిగింది. మీకు ఊరంతా వంకరగా కనబడ్డంలో తప్పు లేదు." జేబులోంచి పుల్లంత స్క్రూడ్రైవర్ తీశాడు. "ఒకసారి ఇలా ఇవ్వండి."

అతను కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీస్తాడు. ఆ పూటే అతనికి కళ్లద్దాలు అని పేరు పెట్టేశారు. కళ్లజోడు లేకుండా ఆమెకి లోకమంతా మసక. ఆ మసకలో అతను స్క్రూ బిగిస్తూ ఏదో పాట కూనిరాగం తీశాడు. అంత అపస్వరంగా ఎవరైనా పాడగలరని ఆమెకి అప్పుడే తెలిసింది. ఇంటికెళ్లాక అదే పాట ఆమె నోట వచ్చింది. తల్లి తలుపు దగ్గర ఆగి, విని, వెళ్లిపోయింది.

ఆ ఏడు గుంపు నెత్తికెత్తుకున్న పని పోస్టల్ కోడ్ సరిహద్దులు. ఏ ఇంటిది ఏ కోడో పోస్టాఫీసుకి తెలుసు. కానీ ఏ కోడ్ ఎక్కడ ఆగి ఏది ఎక్కడ మొదలవుతుందో గీసి పైకి ఇచ్చే పద్ధతి లేదు. ఒక కంపెనీ మాత్రం అలాంటి గీతలు గీసి అమ్ముకుంటుంది. ఎవరైనా కాపీ కొడితే పట్టుకోడానికి, లేని వంపులు అక్కడక్కడా కావాలనే పెడుతుందని ప్రతీతి. అందుకే గుంపులో నియమం గట్టిది. ఒక్క గీత కాపీ కొట్టినట్టు తేలినా, ఆ మనిషి గీసినవన్నీ చెరిపేయాలి. లేకపోతే కంపెనీ కోర్టుకెక్కితే ఊరి మాపు మొత్తానికే ముప్పు.

ఇక మిగిలింది కాళ్లు. ఇంటింటికీ వెళ్లి కోడ్ అడగాలి, మాపు మీద చుక్క పెట్టాలి, ఈ కోడ్ చుక్కలకీ ఆ కోడ్ చుక్కలకీ మధ్య గీత గీయాలి. వీధికి ఇటుపక్క ఆమె, అటుపక్క అతను.

"ఏం అమ్ముతున్నారమ్మా?"

"ఏమీ అమ్మట్లేదండీ. మీ పోస్టల్ కోడ్ చెబితే చాలు."

"ఏమీ అమ్మకుండా ఎందుకు తిరుగుతున్నారు మరి?" అని తలుపు వేసేసినవాళ్లు కొందరు. ఒక తాతగారైతే ఇద్దర్నీ ఎగాదిగా చూసి, "పైన వాటా ఖాళీగానే ఉంది. కొత్తగా పెళ్లయినవాళ్లకైతే బాగుంటుంది" అన్నాడు.

"ఆవిడ సరేనంటే దిగిపోతామండీ" అన్నాడు కళ్లద్దాలు, తాపీగా.

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. తాతగారు పొలమారినట్టు దగ్గాడు.

ఒకసారి వాన పట్టుకుంది. మూసి ఉన్న షాపు చూరు కింద ఇద్దరూ నిలబడ్డారు. చూరు ఒక మనిషికి సరిపోతుంది. రెండో మనిషి సగం తడవాలి. అతను తడుస్తున్నాడు.

"ఇటు జరుగు."

"జరిగితే నీ కోడ్‌లోకి వచ్చేస్తా. గీత మన మధ్యలోంచి పోతోంది, చూసుకో."

"మాటలకేం తక్కువ లేదు."

"మాపు పూర్తవగానే మీ నాన్నగారితో మాట్లాడతా."

ఆమె వానకేసి తిరిగింది. "మాట్లాడు. కానీ మా నాన్నతో ఎవరూ గెలవలేరు" అంది.

"గెలవడానికి కాదు. అడగడానికి."

అందుకేనేమో, ఆమె ఉండే పేట మాత్రం తానొక్కడే నడుస్తానన్నాడు. "నువ్వు రావద్దు. పెట్టాక చూద్దువుగాని." కొన్ని వారాలకి ఆ పేట గీత కూడా మాపులోకి ఎక్కింది. ఆఫీసులో పని ఎక్కువై ఆమె వెంటనే చూడలేదు. చూసిన రోజున కుర్చీలో నిటారుగా కూర్చుంది.

సరిహద్దు ఆమె వీధి వెనకగా తిన్నగా వచ్చి, సరిగ్గా వాళ్ల ఎదురింటి దగ్గర ఠక్కున వంగింది. ఆ ఒక్క ఇంటినీ వీధిలోంచి ఏరి వెనకవీధి కోడ్‌లో వేసి, మళ్లీ తిన్నగా పోయింది. గీతకు ముక్కు మొలిచినట్టుంది.

ఎదురిల్లంటే ఆమెకి పుట్టినప్పటి నుంచీ ఒక గోడ. దానిమీద వాళ్ల వీధి నంబరే రాసి ఉంటుంది. ఆ గోడ వెనక నాన్నకి పడని అక్కగారు ఒక్కర్తే ఉంటుందని తెలుసు. ఎందుకు పడదని అడిగితే నాన్న ఉల్లిపాయలు తరుగుతాడు. అందుకని అడగడం మానేసింది. వీధిలో ఒక్క ఇల్లు మాత్రం వేరే కోడ్ ఎలా అవుతుంది?

గుంపులో టైలర్ ఒకాయన, కొలతల మనిషి, కంపెనీ అమ్మే మాపు ఫోన్లో తెరిచి చూపించాడు. "చూడమ్మా. అక్కడే, అదే వంపు."

కంపెనీ గీతకీ ముక్కుంది. అదే చోట, అంతే పొడుగు.

తర్వాతి సమావేశంలో అతను చిరునవ్వుతో లోపలికొచ్చాడు. కొత్త చొక్కా. జేబులో స్క్రూడ్రైవర్. ఆ రోజు ఆమె వాళ్ల నాన్నతో మాట్లాడ్డానికి వద్దామనుకున్నాడని ఆమెకి చాలా తర్వాత తెలిసింది.

"ఈ వంపు ఎక్కడిది?" అంది ఆమె, అందరి ముందూ.

"నడిచాను."

"కంపెనీ మాపులో కూడా ఇదే ఉంది. అది వాళ్లు పెట్టిన దొంగ వంపు. నువ్వు కాపీ కొట్టావు."

అతని నవ్వు మొహం మీదే ఉండిపోయింది, తీయడం మరిచిపోయినట్టు. "వెళ్లి చూశావా?"

"చూడక్కర్లేదు. అది మా ఎదురిల్లు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నా. అది గోడ."

"ఒక్కసారి వెళ్లి చూడు."

"చూసే చెబుతున్నా."

ఇంకేదో అంటాడని గది ఎదురుచూసింది. "సరే" అన్నాడు. కుర్చీని చప్పుడు కాకుండా వెనక్కి జరిపి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

చెరపడం దిద్దేవాళ్ల పని. ఆమే చెరిపింది. వీధి తర్వాత వీధి. పైన వాటా ఉన్న తాతగారి ఇల్లు పోయింది. కుక్క తరిమితే ఇద్దరూ ఎక్కేసిన అరుగు పోయింది. వాన పడిన చూరు దగ్గర చెయ్యి కాసేపు ఆగింది. అదీ పోయింది. ఊరి మధ్య ఇంత పెద్ద బోడి మిగిలింది. అక్కడ గుంపు ఎప్పటిదో పాత గీతని, స్కేలు పెట్టి కొట్టినంత తిన్నదాన్ని, మళ్లీ తెచ్చి పెట్టింది.

తాను చేసింది న్యాయమే అనుకుంది. న్యాయమైతే అన్నం ఎందుకు సయించదో మాత్రం తెలియలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. షాపుకి వెళ్తే, "ఊరి చివర బ్రాంచికి అడిగి మరీ వేయించుకున్నాడమ్మా" అన్నాడు యజమాని. కళ్లజోడు మళ్లీ ఒరిగింది. ఆమె బాగు చేయించుకోలేదు. ఒరిగిన లోకాన్నే చూస్తూ ఆఫీసుకి వెళ్లింది, వచ్చింది. తల్లి, "ఆ పాట పాడట్లేదేమే?" అంటే, "ఏ పాట?" అంది. సెలవుల్లో మేడమీద గదికి వెళ్లినా ఎర్రపెన్ను ఎవర్నీ దిద్దలేదు. ఒకాయన ఆస్పత్రిని ఆటస్థలంలో పెట్టేస్తే కూడా ఊరుకుంది. గుంపు భయపడింది.

అలా వానలు వెళ్లిపోయి, మళ్లీ వచ్చాయి.

ఒకనాడు ఆఫీసులో ఫోన్ మోగింది. అవతల ఎవరో పెద్దావిడ, మంచి కోపంలో ఉంది.

"మందులు పంపుతామని పంపరేమిటమ్మా? మొదట్లో బాగానే ఇచ్చారు. తర్వాత్తర్వాత ఏం రోగం? నన్నెన్నిసార్లు అరవమంటారు?"

ఆమె వివరాలు చూసింది. "మా వాళ్లు వస్తూనే ఉన్నారండీ. గేటు లేదు, గోడే ఉందని తిరిగొచ్చేస్తున్నారు."

"గోడ దగ్గరికెందుకెళ్లారు? వాచింది గోడ కాళ్లా, నా కాళ్లా?"

నవ్వబోయి, అడ్రసు చదివి ఆగిపోయింది. వాళ్ల వీధి. వాళ్ల ఎదుటి నంబరు. పెద్దావిడ చెప్పిన కోడ్ మాత్రం వెనకవీధిది.

ఏ అడ్రసు ఏ కోడ్‌లో పడుతుందో చూడ్డానికి ఆమె మందుల కంపెనీ వాడేది ఆ ఉచితం మాపే. అతని గీత ఉన్నన్నాళ్లూ మందులు వెనకవీధి బ్రాంచి నుంచి వెళ్లాయి. ఆమె చెరిపిన దగ్గర్నుంచీ ముందు వీధి వాళ్లు వచ్చి, గోడని చూసి, వెనక్కి పోతున్నారు.

సెలవు పెట్టి, మందులు తానే పట్టుకుని బయల్దేరింది. తన వీధి దాటి, మలుపు తిరిగి, వెనకవీధిలోకి వెళ్లింది. ఇంటి నుంచి రాయి విసిరితే పడేంత దూరం. ఊరంతా ఇంటింటికీ తిరిగిన కాళ్లు ఆ వీధిలో ఎప్పుడూ అడుగుపెట్టలేదు. అక్కడ గేటుంది. నీలంరంగు గేటు, దానికో పోస్టు డబ్బా, డబ్బా మీద వెనకవీధి కోడ్. చుట్టూ రంగు వెలిసినా అంకెలు మాత్రం దిద్దినట్టు ఉన్నాయి.

కాళ్లు బల్లమీద చాపుకుని కూర్చున్న పెద్దావిడ ఆమెని పైనుంచి కిందికి చూసి, ముక్కు దగ్గర ఆగింది.

"ఆ ముక్కు చూస్తే చెప్పక్కర్లేదు. తమ్ముడి కూతురివి. ఎర్రపెన్నువి నువ్వే కదూ?"

"అత్తా, మీకెలా..."

"ఆ కళ్లజోళ్ల అబ్బాయి చెప్పాడు. కోడ్ అడగడానికొచ్చి, ఎదురింటమ్మాయి కోసమే ఈ పేటంతా నడుస్తున్నానన్నాడు. 'ఒక్కరే పోస్టాఫీసునే వంచేశారండీ' అని నవ్వాడు. మీకిక మందులు ఇంటికే వస్తాయన్నాడు. వచ్చాయి కూడా. నా గొడవ ఎదురింట్లో చెప్పొద్దని మాట తీసుకున్నాను."

"ఏం గొడవత్తా?"

అత్త మందుల పొట్లం విప్పింది, మళ్లీ మడిచింది.

"నేనొకాయన్ని చేసుకుందామనుకున్నాను. మీ నాన్న ఆయన్ని బజార్లో ఎవరో ఆడమనిషితో చూశాడు. ఆవిడెవరని అడగలేదు. పదిమందిలో ఆయన్ని కడిగేశాడు. ఆవిడ ఆయన చెల్లెలు."

"తర్వాత?"

"ఆయన మొహం చెల్లక ఊరొదిలేశాడు. మీ నాన్న మర్నాడు ఒక బుట్టెడు ఉల్లిపాయలు తరిగి పంపించాడు."

ఇద్దరూ నవ్వారు. ముందుగా అత్తే నవ్వు ఆపింది.

"తలుపు తీస్తే వాడి మొహమే కనబడేది. అందుకే ఆ గేటుకి ఇటుకలు పెట్టించేశాను. పోస్టుమాన్ కొన్నాళ్లు గోడ ముందు నిలబడి పిలిచాడు పాపం. చివరికి పోస్టాఫీసువాళ్లే నన్ను ఈ వీధిలో కలిపేసుకున్నారు. మీ నాన్న నోరు తెరిచి ఒక్కమాట అని ఉంటే, ఆ రోజే గోడ పడగొట్టించేదాన్ని."

ఆ సాయంత్రమే ఆమె చెరిపిన గీతలన్నీ తిరిగి పెట్టేసింది. మర్నాడు ఊరి చివర బ్రాంచికి వెళ్లింది. చిన్న షాపు. కళ్లు చూసేదీ, అద్దాలు అరగదీసేదీ అతనే. బల్లల మీద జనం కూర్చుని ఉన్నారు. ఆమె వంతు వచ్చింది.

"కూర్చోండి" అన్నాడు. "పై వరుస చదవండి."

చదివింది. 'అండి' అన్నది చెవిలో ముల్లులా ఉంది.

"కింద వరుస?"

"నీ గీతలన్నీ తిరిగి పెట్టేశాను."

"సంతోషమండీ. కింద వరుస?"

"వెనకవీధికి వెళ్లాను. గేటు చూశాను. నువ్వు ఆ రోజు చెప్పొచ్చుగా, గేటుందని?"

అతను అద్దం తుడుస్తూ ఆగాడు. "చెప్పొచ్చు. నువ్వు అడిగి ఉంటే. నువ్వు అడగలేదు, తీర్పు చెప్పావు. ఇప్పుడు గేటు చూశావు కాబట్టి నమ్ముతున్నావు. గేటుని నమ్మడానికి నేనెందుకు?"

ఆమె నోరు తెరిచింది. ఒక్క మాట. గొంతులో అడ్డం పడింది, ఎముకలా. దాని బదులు, "అత్తకి మందులు వెళ్తున్నాయి" అంది. అనగానే తానే విస్తుపోయింది. ఉల్లిపాయలు తరిగినట్టే ఉంది.

"మంచిది" అన్నాడు. "మీ పవరేం మారలేదండీ. తర్వాతెవరు?"

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఊరి ఈ చివర దాకా వచ్చింది. అత్త ముసలితనం తనకి పోస్టులో వచ్చేసినట్టనిపించింది. తానూ ఎక్కడో ఇలాగే ఒక గోడ కట్టుకుంటుంది. దానికీ ఎవరో ఒక కోడ్ ఇస్తారు.

ఇంటికొచ్చి నాన్నకి ఒక్కటే చెప్పింది. "అత్త కాళ్లు వాచాయి. నాన్నా, ఆవిడ ఆయన చెల్లెలని నీకు ఎప్పుడు తెలిసింది?"

ఆయన లేచి వంటింట్లోకి వెళ్లాడు. కత్తిపీట చప్పుడు వినిపించింది. అదెంతకీ ఆగలేదు. తల్లి వచ్చి, "ఇంట్లో ఉల్లిపాయలన్నీ అయిపోయాయే" అంది, గొంతు తగ్గించి.

వంటింటి గుమ్మంలో నిలబడి కూతురంది, "ఎన్ని తరిగినా ఆ గేటు తెరుచుకోదు నాన్నా."

కొద్దిరోజులకి అత్త ఫోన్ చేసింది. "సాయంత్రం మందులు నువ్వే పట్రా. ఇంకెవర్నీ పంపకు." గొంతులో ఏదో చిలిపితనం ఉంది.

వాన పడుతోంది. ఆమె వీధి మలుపు తిరుగుతుంటే వెనక అడుగుల చప్పుడైంది. నాన్న. గొడుగు కింద, వాకింగ్‌కి వచ్చినవాడిలా ఎటో చూస్తూ. అంత వానలో ఎవరు వాకింగ్ చేస్తారని ఆమె అడగలేదు.

నీలం గేటు దగ్గర అతనున్నాడు. అత్తకి కొత్త కళ్లజోడు చేసి తెచ్చాడు. అత్త అది పెట్టుకుని, వాన జల్లు పడకుండా గుమ్మంలో కూర్చుని, వచ్చిన ముగ్గుర్నీ వరసగా చూసింది. "బాగా కనబడుతోందయ్యా" అంది. "మరీ ఎక్కువే కనబడుతోంది."

నాన్న గేటు బయటే ఆగిపోయాడు. గొంతు సవరించుకున్నాడు.

"మందులు అందుతున్నాయా?"

"అదడగడానికేనా ఇంత చుట్టు తిరిగొచ్చావు?"

"ఆఁ. అంటే... వాన కదా. ఇల్లు కారుతోందేమోనని."

"కారట్లేదు."

"మంచిది."

అంతే. నాన్న పెదాలు కదిలాయి. ఏమీ రాలేదు. నెరిసిన తల, పక్కకి ఒరిగిన గొడుగు, నోటిదాకా వచ్చి ఆగిపోయిన మాట. కూతురు చూడలేకపోయింది. తన ముక్కే అది, తన గొంతే అది, ఇంకొన్నేళ్ల తర్వాతిది.

ఆమె అతని వైపు తిరిగింది.

"నాది తప్పు" అంది. "వెళ్లి చూడకపోవడం చిన్న తప్పు. నిన్ను అడక్కపోవడం పెద్దది. పదిమందిలో అనడం అన్నిటికంటే పెద్దది. వచ్చే సమావేశంలో ఆ పదిమంది ముందూ చెబుతా. నువ్వు వచ్చినా చెబుతా, రాకపోయినా చెబుతా. తప్పు నాది."

అతను అత్త కళ్లజోడు డబ్బాని తీరిగ్గా సంచిలో సర్దుకున్నాడు. ఒప్పుకుంటే అయిపోతుందనుకునేది చిన్నప్పుడు. అవ్వదని ఇప్పుడు తెలిసింది. అయినా అన్న మాట వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

"కళ్లజోడు ఇలా ఇవ్వు" అన్నాడు చివరికి.

ఇవ్వండి అనలేదు. ఇవ్వు అన్నాడు.

తీసిచ్చింది. లోకమంతా మసకైపోయింది. వాన, గేటు, అత్త, గొడుగు, అన్నీ కలిసిపోయి ఒక తడి మరక. ఆ మరకలో ఎక్కడో స్క్రూ తిరుగుతున్న చిన్న చప్పుడు. కూనిరాగం లేదు. ఇంకా లేదు.

అప్పుడు ఎవరిదో గొంతు వినబడింది. బొంగురుగా, కొత్తగా, ఎన్నడూ విననట్టుగా ఉంది. కళ్లజోడు లేక ఎవరో కనబడలేదు. ఆ గొంతు తన ఇంట్లోదేనని పోల్చుకోడానికి ఆమెకి కాసేపు పట్టింది.

"నాదీ తప్పే అక్కా."